బోక్‌జూను రెండోసారి చూడాలంటే

రిమోట్ అందుకునే ముందు ఒక తెల్ల కాగితం అందుకోండి. పందొమ్మిదో ఏటో ఇరవయ్యో ఏటో మీరు కళ్లు వాచేలా చూసిన ఆ సీరియల్‌లో ఇప్పుడు ఏం గుర్తుందో అర పేజీ రాయండి. పేర్లు తప్పినా ఫరవాలేదు, వరస తప్పినా ఫరవాలేదు. ఎవరు ఎవరిని కాదన్నారు, ఎందుకు కాదన్నారు, మీరు ఎక్కడ ఏడ్చారు, అంత చాలు. ఎవరినీ అడగకండి, నెట్‌లో వెతకకండి. తేదీ వేసి, మడిచి, ఏదైనా పుస్తకంలో పెట్టేయండి. నేను కింద చెప్పేవన్నీ మీకు చాదస్తంగా అనిపించినా ఇదొక్కటి మాత్రం చేయండి. ఎందుకో చెప్పాలంటే నా కాగితాన్ని నలుగురిలో విప్పక తప్పదు. కాస్త ఆగండి, విప్పుతాను.

నేను చెబుతున్న సీరియల్ ‘వెయిట్‌లిఫ్టింగ్ ఫెయిరీ కిమ్ బోక్‌జూ’. దక్షిణ కొరియాలో ఎంబీసీ ఛానల్‌లో 2016 నవంబరు 16 నుంచి 2017 జనవరి 11 దాకా బుధ, గురువారాల్లో వచ్చింది. మొత్తం 16 భాగాలు, ఒక్కోటి సుమారు గంట. ఒక క్రీడా విశ్వవిద్యాలయం, అందులో బరువులెత్తే అమ్మాయి కిమ్ బోక్‌జూ, ఈతగాడు జూన్‌హ్యుంగ్, రిథమిక్ జిమ్నాస్టిక్స్ చేసే షిహో. ప్రసారమైనప్పుడు సొంత దేశంలో రేటింగు ఒక అంకె దాటలేదు. ఆ తర్వాతే అది దేశాలు తిరిగి, బయటివాళ్ల ప్రేమతో బతికింది. మీ సీరియల్ ఇదే కానక్కర్లేదు. పరుగు పందెమో, బాస్కెట్‌బాలో, ఆటగాళ్ల మధ్య ప్రేమలూ అలకలూ ఉన్నదేదైనా పద్ధతి ఇదే. నాకు తెలిసినది ఇది కాబట్టి దీనితోనే చెబుతాను.

ఇంకో మాట, నేనెవరో. మాది బరంపురం. మ్యాపులో ఒడిశా రాష్ట్రం, గంజాం జిల్లా. మా వీధిలో మాత్రం తెల్లారితే తెలుగే. నాన్న పట్టుచీరలు నేస్తారు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, సినిమాల్లో హిందీతో పెరిగినవాళ్లం కనుక నాలుగోదిగా కొరియన్ వచ్చి కూర్చున్నా మాకు పెద్ద బరువనిపించలేదు. పైగా మా ఊళ్లో బరువులు కొత్త కాదు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన రవికుమార్ మా బరంపురం అబ్బాయే. అప్పుడు నాకు పన్నెండేళ్లు. వీధిలో పిల్లలందరూ చీపురుకట్టకు రెండు వైపులా ఇటుకలు కట్టి తల మీదికి ఎత్తడం మొదలుపెట్టారు. ఒక ఇటుక జారి మా అన్నయ్య కాలి గోరు ఊడింది. రెండేళ్ల తర్వాత నేను నిజం రాడ్డు పట్టుకున్నాను. 58 కిలోల విభాగంలో నాలుగేళ్లకు పైగా ఎత్తాను.

బోక్‌జూను మొదటిసారి చూసింది 2017 జనవరి చివర్లో, డిగ్రీ రెండో ఏట. జియో సిమ్ములో రోజుకు ఒక జీబీ ఉచితంగా వస్తున్న రోజులవి. బొమ్మ మసకగా పెట్టుకుంటే నాలుగు భాగాలు సరిపోయేవి. దుప్పటి ముసుగులో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, నాలుగు రాత్రుల్లో పదహారూ అవగొట్టాను. ఐదో రోజు పొద్దున్న క్లబ్బులో స్నాచ్ (రాడ్డును ఒకే ఊపులో తల మీదికి లేపడం) ఎత్తుతుంటే కళ్లు బైర్లు కమ్మాయి. జ్వరమని చెప్పాను.

రెండోసారి ఈ మధ్యనే చూశాను. ఏడో నెలలో పురిటికి పుట్టింటికి వచ్చాను. అది సరిగ్గా బూడీ ఠాకురాణి జాతర జరిగే నెల. అమ్మవారు రెండేళ్లకోసారి పుట్టింటికి వస్తుందని మా ఊరి నమ్మకం, దేశీబెహరా వీధిలో ఆమెకోసం తాత్కాలికంగా గుడి కడతారు. ఈసారి ఆవిడా నేనూ ఒకేసారి దిగాం. ఆవిడకు డప్పులు, పులివేషాలు. నాకు ఒక మంచం, ఒక టీవీ, పదిహేనేళ్ల మేనకోడలు. అన్నయ్య కూతురు. కిందటేడాది నుంచి అదీ క్లబ్బుకు వెళుతోంది.

ఇక పద్ధతికి వద్దాం.

వారానికి రెండే

పదహారు భాగాలను ఎనిమిది వారాలు చూడండి. బుధవారం ఒకటి, గురువారం ఒకటి, అసలు ప్రసారమైనట్టే. ఇది పట్టుదల కోసం చెప్పడం లేదు. వరసగా చూస్తే ప్రతి భాగం చివర్లో వేసిన ముడి పది సెకన్లలో విడిపోతుంది. వారం ఆగితే ఆ ముడి మీతో పాటు వంటింట్లోకి, బస్సులోకి వస్తుంది. మొదటిసారి నేను ‘తర్వాత ఏమవుతుంది’ అని చూశాను. ఈసారి ఏమవుతుందో తెలుసు, అయినా శుక్రవారం నుంచి మంగళవారం దాకా ఆ పిల్ల గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. అబద్ధం చెప్పిన మనిషి అది బయటపడేదాకా ఎన్ని రోజులు మోస్తుందో గంటలో తెలియదు, వారంలో తెలుస్తుంది.

మా మేనకోడలు రెండో వారానికే ఓపిక పోగొట్టుకుని మూడు భాగాలు ముందుకు వెళ్లిపోయింది. నాకు చెప్పలేదు. ఐదో భాగంలో నవ్వాల్సిన చోట కంటే ముందే నవ్వి దొరికిపోయింది. శిక్షగా మిగతా భాగాలన్నిటికీ పాప్‌కార్న్ వేయించే పని దానిదే అయింది.

లైట్లు కాదు, పాదాలు

బరువుల పోటీలో ముగ్గురు రిఫరీలు కూర్చుంటారు. ఇద్దరు తెల్ల లైటు వేస్తే ఎత్తినట్టు, ఇద్దరు ఎర్ర లైటు వేస్తే పోయినట్టు. కొత్తగా చూసేవాళ్ల చూపంతా ఆ లైట్ల మీదే ఉంటుంది. మా శిక్షకుడు పాత పోటీల వీడియోలు చూపించేటప్పుడు ఫలితం ముందే చెప్పేసేవారు. “ఇది పోతుంది. ఇక పాదాలు చూడండి” అనేవారు. పోతుందని తెలిశాక మొట్టమొదటిసారి కనబడేది, మడమ ఒక వేలెడు ముందే లేచిందని.

ఈ అలవాటు కుదరడానికి సీరియల్ మొదలుపెట్టే ముందు రెండు పాత పోటీలు చూడండి. ఒకటి 2000 సెప్టెంబరు 19, సిడ్నీ. కరణం మల్లీశ్వరిది ఆముదాలవలస, మా ఊళ్లో రైలెక్కితే మూడు గంటల్లోపు దిగొచ్చు. 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి) 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. చివరి ప్రయత్నంలో ఆమె 137.5 అడిగారు. నిలిచి ఉంటే స్వర్ణమే. నిలవలేదు. ఆ చివరి ప్రయత్నాన్ని రెండుసార్లు చూడండి, రెండోసారి ఆమె ముఖం చూడకండి, మోకాళ్లు చూడండి. రెండోది 2008 బీజింగ్, జాంగ్ మీరాన్. 140, 186, మొత్తం 326 కిలోలతో స్వర్ణం గెలిచిన కొరియా లిఫ్టరు. బోక్‌జూ పాత్రకు ఆమె జీవితమే స్ఫూర్తి. కథ కల్పన, భుజాలు మాత్రం అక్కడి నుంచి వచ్చాయి. 2023లో ఆమె తమ దేశంలో క్రీడలు చూసే శాఖకు ఉపమంత్రి కూడా అయ్యారు.

ఇప్పుడు సీరియల్‌లో పాదాలు ఎక్కడున్నాయంటారా? బోక్‌జూ చివరికి ఎవరితో ఉంటుందో మీకు తెలుసు. ఆ లైటు వెలిగిపోయింది. కనుక మాట్లాడుతున్న మనిషిని వదిలేసి వింటున్న మనిషిని చూడండి. బల్ల మీద ఎవరి కంచం ఖాళీ అయింది, ఎవరిది కాలేదు, చూడండి. ఈ సీరియల్ సగం తిండి మీదే నడుస్తుంది. నాన్న నడిపే కోడివేపుడు కొట్టు, లిఫ్టర్ల భోజనశాల, అర్ధరాత్రి నూడుల్స్. ఎవరు ఎవరి ముందు ఎంత తింటారో చూస్తే చాలు, కథంతా దొరుకుతుంది.

పిల్లలతో చూస్తుంటే ఇంకో సరదా ఉంది. ప్లేట్లు లెక్కపెట్టించండి. ఎరుపు 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10 కిలోలు. ఆడవాళ్ల రాడ్డు 15. మా మేనకోడలు బొమ్మ ఆపి ఆపి కూడేది. నిజంగా నిండు బరువున్న రాడ్డు లేచేటప్పుడు రెండు కొసలూ కిందికి వంగుతాయి, మధ్యభాగం ముందు లేస్తుంది, ప్లేట్లు ఒక క్షణం ఆలస్యంగా లేస్తాయి. ఎక్కడ వంగింది, ఎక్కడ వంగలేదు అని అదీ నేనూ పందెం కాసేవాళ్లం. తెర మీది లిఫ్టర్ల మీద మా తీర్పులు చాలా కఠినం. ముఖాలు ఎర్రబడ్డాయి సరే, మెడ నరం పొంగలేదని కొట్టేసేవాళ్లం.

పక్కవాళ్లకు తెలుగులో చెబుతూ చూడండి

ఇది నేను కావాలని కనిపెట్టింది కాదు. నాన్న మూడో భాగం నుంచి మాతో కూర్చున్నారు. కొరియన్ రాదు, కింద నడిచే ఇంగ్లిషు అక్షరాలు చదవలేరు. మగ్గం మీద నుంచి లేచి, నడుము పట్టుకుని వచ్చి, “ఆ పిల్ల ఏమంటోంది?” అన్నారు. అప్పటి నుంచి నేను చెబుతూ వచ్చాను. చెప్పడం మొదలుపెట్టాక అర్థమైంది, ఇంగ్లిషు అక్షరాల్లో ఎంత జారిపోయిందో.

బోక్‌జూ నాన్న తమ్ముణ్ని అక్కడ ‘అంకుల్’ అని రాస్తారు. మనకు ఆయన బాబాయి. బాబాయి అనగానే ఇంట్లోనే ఉండి, అన్నతో పోట్లాడుతూ, అన్న కూతురికి డబ్బులు దొంగచాటుగా ఇచ్చే మనిషి కళ్ల ముందుకు వచ్చేస్తాడు, కథలోనూ దాదాపు అంతే. ఆమె మనసుపడ్డ డాక్టరు జేయీ, ఈతగాడు జూన్‌హ్యుంగ్‌కు ‘కజిన్’ అట. మనం అలా వదలం. వరసకు అన్న. చిన్నప్పుడే తండ్రి పోయి, తల్లి విదేశం వెళ్లిపోయి, ఆ అన్న వాళ్ల ఇంట్లోనే పెరిగిన పిల్లవాడు జూన్‌హ్యుంగ్. తను ఇష్టపడుతున్న పిల్ల అన్నను ఇష్టపడుతోందని తెలిసినప్పుడు వాడి నోరు ఎందుకు పెగలలేదో ‘కజిన్’ అన్న మాటలో దొరకదు. “అన్నం పెట్టిన ఇల్లు కదా” అన్నారు నాన్న. అంతే.

ఒక్క చోట మన భాష చేతులెత్తేసింది. అక్కడ అమ్మాయిలు వయసులో పెద్దవాడైన ప్రియుణ్ని పిలిచే మాట, సొంత అన్నను పిలిచే మాట ఒకటే. దాన్ని నాన్నకు తెలుగులో ఎలా చెప్పను? అన్నయ్య అంటే ఆయన టీవీ ఆపేస్తారు. ‘బావ’ అని చెప్పి గట్టెక్కాను. మేనకోడలు నోరు మూసుకుని నవ్వుతూ నేలమీద దొర్లింది. అదృష్టవశాత్తూ బోక్‌జూ, జూన్‌హ్యుంగ్ ఒకే ఈడు వాళ్లు, చిన్నప్పటి బడి నేస్తాలు. ఆ మాట అవసరం వాళ్లకు రాలేదు.

మీకు వినేవాళ్లు లేకపోతే ఒక్కరే ఉన్నప్పుడు పైకి చెప్పుకోండి. పిచ్చిగా ఉంటుంది, కానీ పనిచేస్తుంది. కళ్లతో చదివిన మాటను నోటితో అనాల్సి వచ్చినప్పుడు కొన్ని మాటలు నోట్లోంచి రావు. రానివి ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి.

అప్పటి విలన్ను మళ్లీ కలవండి

ప్రతి సీరియల్‌లో మనం పళ్లు కొరికిన ఒక అమ్మాయి ఉంటుంది. ఇందులో షిహో. జూన్‌హ్యుంగ్ పాత ప్రియురాలు, బోక్‌జూ గదిలోనే ఉండే అమ్మాయి, ఎదురైతే ముఖం తిప్పుకునే రకం. పందొమ్మిదో ఏట ఆమె తెర మీదికి వస్తే బొమ్మను ముందుకు తోసేసేదాన్ని. అలా తోసేసిన వాటిలో ఏమేమి పోయాయో ఈసారి చూశాను. ఆకలితో కడుపు మాడ్చుకుని, ఎప్పుడో తట్టుకోలేక ఒక్కసారిగా తినేసి, తిన్నదాన్ని కక్కేసే పిల్ల. ఇంట్లో ఉన్నదంతా ఆమె ఆటకే పోయిందన్న బరువు ఒకవైపు. ఒకే గదిలో ఇద్దరు. ఒకరు ఎక్కువ తినాలి, ఒకరు తినకూడదు, ఇద్దరూ రోజూ ఒకే రకం తూకం యంత్రం ఎక్కుతారు. సీరియల్ పేరు బోక్‌జూదే కానీ, నన్నడిగితే ఇది ఆ గది కథ.

కనుక రెండోసారి చూసేటప్పుడు విలన్ సన్నివేశాల్లో రిమోట్ మీద చెయ్యి వేయకండి. నిద్ర వస్తే హీరో పాటల మీద వేయండి. నాకు నచ్చనిది దాచడమెందుకు, జూన్‌హ్యుంగ్ అల్లరి అప్పుడు ముద్దొచ్చింది, ఇప్పుడు కొన్నిచోట్ల చెవి మెలిపెట్టాలనిపించింది. ఒక ఆడపిల్ల రహస్యం చేతికి దొరికితే దాంతో ఆమెను ఆటపట్టించడం ఏం సరదా? ఈదబోయే ముందు తొందరపడి దూకేసి పోటీ నుంచి బయటికి పోయిన భయం వాడిలో ఉంది, అది చూపించిన చోట మాత్రం వాడంటే ఇష్టమే. ఈతలో మొదటి తప్పుకే పంపించేస్తారు. మాకు మూడు అవకాశాలుంటాయి. నా విషయంలో ఆ మూడూ ఏమయ్యాయో ఇప్పుడు చెప్పాలి.

కాగితాన్ని సగంలో విప్పండి

చివర్లో కాదు, ఎనిమిదో భాగం అయ్యాక. చివరిదాకా ఆగితే చూసిన కథ పాత జ్ఞాపకం మీద పరుచుకుపోయి, ‘నాకు ముందే తెలుసు’ అనిపిస్తుంది.

నా కాగితంలో ఉన్నది ఇది, ఉన్నదున్నట్టు: “డాక్టరు ఆమెను లావుగా ఉందని కాదన్నాడు. ఆమె తిండి మానేసి సన్నబడింది. అప్పుడు ఈతగాడు ప్రేమించాడు. నేను డాక్టరు కాదన్నచోట ఏడ్చాను.”

ఎనిమిది భాగాలు చూసి ఆ కాగితం చదివితే ఒళ్లు చల్లబడింది. అందులో ఉన్న కథ ఆ సీరియల్‌లో లేదు. ఆ డాక్టరు ఆమెను లావని ఒక్క మాట అనలేదు. బరువు తగ్గించే క్లినిక్ ఆయనది. ఆయన్ను చూడటం కోసమే బోక్‌జూ అక్కడ చేరింది, లిఫ్టరునని చెప్పకుండా చెల్లో వాయిస్తానని బొంకింది. ఆయన మంచివాడు, అందరితో ఉన్నట్టే ఆమెతోనూ మంచిగా ఉన్నాడు, ఆయన మనసు వేరే చోట ఉంది. అంతే జరిగింది. “మీకు మెస్సీ అంటే ఇష్టమా?” అని ఆ పిల్ల దిక్కుతోచక అడిగిన ప్రశ్నకు కూడా నవ్వకుండా జవాబు చెప్పిన మనిషి. ఇక ఈతగాడు ప్రేమించింది సన్నబడ్డ అమ్మాయిని కాదు, రాడ్డు ఎత్తే అమ్మాయిని, ఉన్నదాన్ని ఉన్నట్టుగా. సీరియల్ అరిచి చెప్పిన మాటను నేను సరిగ్గా తలకిందులుగా విని, ఎనిమిదేళ్లకు పైగా అలాగే దాచుకున్నాను.

“అత్తా, అసలు ఈమెను లావు అంటున్నారేమిటి?” అని మేనకోడలు రెండో భాగంలోనే అడిగింది. ఆ పాత్ర వేసిన లీ సుంగ్‌క్యుంగ్ మోడలింగ్ నుంచి వచ్చిన నటి. మా క్లబ్బు గుమ్మంలో నిలబెడితే ‘తిని రా తల్లీ’ అని పంపేస్తారు. అది అప్పుడు నాకెందుకు కనబడలేదు? ఆమె పక్కన నన్ను నేను నిలబెట్టుకుని చూసుకున్నాను కాబట్టి. నా చూపు తెర మీద లేదు.

ఆ జనవరి అయ్యాక ఫిబ్రవరిలో నేను తినడం తగ్గించాను. పేరు చెప్పను కానీ, ట్యూషన్లో ఒకతను ఉండేవాడు. నన్నేమీ అనలేదు పాపం, నావైపు చూడనే లేదు. 58లో ఎత్తేదాన్ని 53కు దిగుతానని ఎవరికీ చెప్పకుండా నిర్ణయించుకున్నాను. శిక్షకుడికి పోటీ దగ్గరపడ్డాక చెప్పాను, తూకం దానంతటదే తగ్గిందన్నాను. కటక్‌లో పోటీ. తూకం పోటీకి రెండు గంటల ముందు చూస్తారు. 52.8. చాలా సంతోషపడ్డాను. తర్వాత వేదిక ఎక్కి, మెగ్నీషియం పొడి రుద్దుకుని, రోజూ నవ్వుతూ ఎత్తే బరువు పట్టుకుంటే రాడ్డు నేలకు మేకులు కొట్టినట్టుంది. మొదటిది ముందుకు పడింది. రెండోది వెనక్కి పడింది. మూడోదానికి మోచెయ్యి మడతపడింది. మూడు స్నాచ్‌లూ పోతే మొత్తం లేదు, పట్టికలో పేరుకు ఎదురుగా ఒక గీత. తిరుగు రైల్లో ఛత్రపురం దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత మళ్లీ పోటీకి వెళ్లలేదు. చదువు ఎక్కువైందని చెప్పాను.

ఇదంతా తర్వాతి బుధవారం రాత్రి పైకి చెప్పాను. సీరియల్‌ను తెలుగులో చెప్పే అలవాటు ఉంది కదా, ఆ ఊపులో నా కథ కూడా చెప్పేశాను. మేనకోడలు పాప్‌కార్న్ గిన్నె ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. నాన్న మాత్రం ఆశ్చర్యపోలేదు.

“తెలుసమ్మా” అన్నారు.

ఏం తెలుసు నాన్నా, అన్నాను.

“గుడ్లు.”

నేను ఎత్తే రోజుల్లో నాన్న అట్టతో సహా ముప్పై గుడ్లు తెచ్చి మగ్గం గదిలో చల్లటి మూల పెట్టేవారు. రోజుకు ఆరు నావి. ఐదు రోజులకు అట్ట ఖాళీ కావాలి, ఆరో రోజు నాన్న కొత్తది తేవాలి. “ఆ నెల అట్ట తరగలేదు. పది రోజులైనా సగం అలాగే ఉంది. మీ అమ్మ నాలుగుసార్లు గుడ్ల పులుసు పెట్టింది, నువ్వు చారు పోసుకుని లేచిపోయావు” అన్నారు. ఒకరోజు ఆయన గుడ్లు లెక్కపెట్టి, మర్నాడు మళ్లీ లెక్కపెట్టారట. పోగులు లెక్కపెట్టే మనిషి, లెక్క తప్పదు.

మరి అడగలేదేం, అన్నాను.

“అడిగితే తింటానని చెబుతావు. అబద్ధం చెప్పించడం ఎందుకు?” అని, కాసేపాగి, “అడగాల్సింది” అన్నారు. టీవీలో బోక్‌జూ నాన్న కొట్టు కట్టేస్తూ కుర్చీలు బల్లల మీదికి ఎత్తుతున్నాడు. నాన్న ఆయన్నే చూస్తున్నారు. ఆ కొట్టు మనిషికి మూత్రపిండాల జబ్బు, కూతురికి తెలియనివ్వకుండా మోస్తుంటాడు. “వీళ్లిద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాచుకోవడమే సరిపోయింది” అని లేచి పడుకోవడానికి వెళ్లిపోయారు.

ఆ వారం గురువారం భాగం చూడలేదు. మీకూ ఇలా ఒక వారం రావచ్చు. వస్తే లెక్క తప్పినా ఫరవాలేదు, ఆపండి.

చిల్లర సంగతులు

ఆకలితో కూర్చోవద్దు. ఈ సీరియల్‌లో కనబడినంత కోడివేపుడు మరెక్కడా కనబడదు. మేము సాయంత్రమే వీధి చివర బండి దగ్గర ఉప్మా, పూరీ, మీద ఘుగ్ని (బఠాణీల కూర) పోయించుకుని తెచ్చుకునేవాళ్లం. ఉప్మాతో పూరీ ఏమిటని మా ఆయన ఇప్పటికీ అడుగుతారు. ఆయనది విశాఖపట్నం, వివరించినా లాభం లేదు.

భర్తనో భార్యనో పక్కన కూర్చోబెట్టుకోవడం గురించి: మొదటిసారి వాళ్లు మీతో లేకపోతే రెండోసారి కూడా అక్కర్లేదు. మా ఆయన శని ఆదివారాల్లో వచ్చి అరగంట చూసి, “ఫైట్లు ఎప్పుడు వస్తాయి?” అన్నారు. మంచి మనిషి, పడుకోబెట్టేశాను. మీ వయసును అప్పుడు చూసినవాళ్లు, లేదా అప్పటి మీ వయసులో ఇప్పుడు ఉన్నవాళ్లు పక్కన ఉంటేనే బాగుంటుంది. నాకు రెండూ దొరికాయి.

బొమ్మ పెద్దదిగా పెట్టుకోండి. అప్పుడు ఫోను తెర మీద చూసినవాళ్లకు చేతులే కనబడలేదు. టీవీలో చూస్తే లిఫ్టర్ల అరచేతుల మీద కాయలు వేశారా లేదా అని వెతకొచ్చు. జాతర రోజుల్లో వీధిలో డప్పులు మోగుతుంటే శబ్దం పెంచకండి, ఆపండి. పులివేషం గుమ్మం ముందుకు వస్తే సీరియల్ ఆగుతుంది, పులి ఆగదు.

నటీనటుల గురించి తర్వాత ఏమైందో వెతుక్కోకండి, కనీసం ఎనిమిది వారాలు. వాళ్లకు ఇప్పుడు ఎన్నేళ్లో తెలిసిన మరుక్షణం మీ వయసు లెక్కలోకి వస్తుంది.

తూకం యంత్రం గురించి నా ఒక్కదాని సంగతి. ఈ ఎనిమిది వారాల్లో నేను మూడున్నర కిలోలు పెరిగాను. డాక్టరమ్మ కాగితం మీద రాసి కింద గీత గీసి “బాగుంది” అన్నారు. తూకం ఎక్కి, ముల్లు పైకి జరిగితే ఎదుటి మనిషి సంతోషించడం 58 కిలోల రోజుల తర్వాత మళ్లీ ఇప్పుడే. అమ్మ గుడ్ల పులుసు పెట్టింది. రెండు తిన్నాను. నాన్న చూడనట్టు చూశారు.

చివరి భాగం

చివరి భాగాన్ని పగలు చూడండి. రాత్రి చూస్తే ఏడుపుకి అలసట తోడై అన్నీ గొప్పగా కనిపిస్తాయి. మేము ఒక గురువారం మధ్యాహ్నం, నాన్న మగ్గం ఆపి అన్నం తిన్నాక చూశాం. ముగింపు నాకు గుర్తున్నంత గొప్పగా లేదు. కాస్త తొందరగా, అందరికీ పంచిపెట్టినట్టుగా ఉంది. పందొమ్మిదో ఏట దానికే వెక్కి వెక్కి ఏడ్చాను. ఇప్పుడు ఏడుపు రాలేదు, నాన్నకు మాత్రం వచ్చింది. కొట్టు ఆయన కూతురు బాగుందని.

టీవీ కట్టేశాక మేనకోడలు లేచి వెళ్లి నోటు పుస్తకం లోంచి ఒక కాగితం చింపింది. గోడవైపు తిరిగి కూర్చుని పావుగంట రాసింది. వచ్చే నెల దానికి కటక్‌లో పోటీ ఉంది. ఏం రాశావే అన్నాను. చెప్పలేదు. చూపించమన్నాను. “నువ్వే కదా మడిచి పెట్టమన్నావు” అంది. తేదీ వేసి, మడిచి, చీరలకు వాడే అట్ట కవరులో పెట్టి, తాతయ్యకు ఇచ్చింది. ఇరవై ఎనిమిదో ఏట విప్పుతుందట.

నాన్న దాన్ని రెండు చేతులతో తీసుకున్నారు. పాత డిజైన్ల గ్రాఫు కాగితాలు దాచే రేకు పెట్టెలో అడుగున పెట్టి తాళం వేశారు. తాళంచెవి దానికే ఇవ్వబోతే వద్దంది, పోగొడతానని భయం. మగ్గం పక్కన గోడకు మేకు ఉంది. ప్రస్తుతం అక్కడ వేలాడుతోంది. కొత్త గుడ్ల అట్ట సరిగ్గా దాని కిందే ఉంది.